నిమ్మకాయ కదలని కల్లం

ఉద్యోగం చేసినన్నాళ్లూ నా చేత్తో ఒక గోడ కట్టలేదు, ఒక బోల్టు బిగించలేదు. పదో తరగతి పాసై, కొందరు పాసవ్వకుండానే, ఆ పనులు నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలు సరిగ్గా నేర్చుకుంటున్నారా లేదా అని ఊరూరా తిరిగి చూడటమే నా ఉద్యోగం. మా జిల్లాలో ఒక ప్రైవేటు ఐటీఐ నాకు అందుకు జీతం ఇచ్చేది. ఫిట్టర్లను గుంటూరు వైపు జిన్నింగు మిల్లులకు, కోల్డ్ స్టోరేజీలకు పంపేవాళ్లం. కొందరు చీమకుర్తిలో రాయి కోసే యంత్రాల దగ్గరకు వెళ్లేవారు. తాపీ పని వాళ్లను ఇళ్లు కట్టే మేస్త్రీల కింద అప్రెంటిస్‌లుగా పెట్టేవాళ్లం. నేను మోపెడ్ మీద వాళ్ల వెనక తిరిగేవాణ్ణి.

అంతకుముందు కొన్నేళ్లు ఒక దినపత్రికకు టౌను విలేకరిగా ఉన్నాను. ఊరికే నిలబడి చూడటం, ముందు పక్కింటివాణ్ణి అడిగి తర్వాత ఇంటివాణ్ణి అడగడం అక్కడే అలవాటయ్యాయి. ఈ ఉద్యోగంలో కూడా అవే పనికొచ్చాయి. నాకు వచ్చిన ప్రమోషన్ సంగతి మా ఇంట్లోవాళ్లకే గుర్తులేదు కాబట్టి అది వదిలేస్తాను. ఇప్పుడు కొత్తగా పనిలో చేరుతున్న పిల్లలకు ఒక కుర్రాడి సంగతి, మిరపకాయలు ఎండబెట్టడానికి వాడు కట్టిన ఒక కల్లం సంగతి చెబితే చాలనిపించింది.

రెండు సైజులు పెద్ద చొక్కా

అవి హైవే పక్కన ఇంజనీరింగ్ కాలేజీలు పత్తి చేలకు పోటీగా మొలుస్తున్న రోజులు. మా దగ్గరకు కొడుకును తీసుకొచ్చే ప్రతి తండ్రీ కుర్చీలో కూర్చోకముందే సంజాయిషీ మొదలుపెట్టేవాడు. "మావాడికి లెక్కలు సరిగ్గా రాలేదండీ, అందుకని ఇట్టా తెచ్చాం." అక్కడే నిలబడ్డ కుర్రాడు తల దించుకునేవాడు. వాడి ఒంటిమీద కొత్త ఖాకీ చొక్కా, రెండేళ్లపాటు పనికి రావాలని రెండు సైజులు పెద్దది కొన్నది, వాడికంటే ముందే గుమ్మం దాటి లోపలికి వచ్చేది.

ఆ పిల్లల గురించి మొదట చెప్పాల్సింది వాళ్ల చేతుల గురించి. ఫిబ్రవరి, మార్చి వచ్చేసరికి సగం మంది చేతి తొడుగులు కావాలని అడిగేవారు. మా ప్రిన్సిపాల్ గారు భద్రత మీద పిల్లలకు శ్రద్ధ పెరిగిందని సంతోషించేవారు. అసలు సంగతి ఏమిటంటే, వాళ్లు తెల్లారగట్ల మిరపకాయలు కోసి వచ్చేవారు. మండే చేత్తో ఇనుమును ఆకురాయితో రుద్దమంటే ఎవరికైనా తొడుగులు గుర్తుకొస్తాయి.

రెండోది, "అర్థమైంది సార్" అనే మాట. కొత్తగా చేరిన పిల్లవాడి నోట ఇది ఊపిరి వచ్చినంత తేలిగ్గా వస్తుంది. అర్థం కాకపోతే గట్టిగా అంటాడు. అసలేమీ అర్థం కాకపోతే నవ్వుతూ అంటాడు. నేను కలిసిన మంచి మేస్త్రీలు, ఫోర్‌మన్లు ఈ మాటను ఎన్నడూ నమ్మలేదు. నమ్మినవాళ్ల దగ్గర యంత్రాలు తరచుగా ఆగేవి.

కోటయ్య మేస్త్రి పద్ధతి

మా తాపీ పిల్లల్లో ఎక్కువమందిని కోటయ్య మేస్త్రి కింద పెట్టేవాణ్ణి. తలకు ఎర్ర తువ్వాలు చుట్టుకుని, చెవి సందున సగం కాల్చిన చుట్ట పెట్టుకుని తిరిగేవాడు. మిగతా మేస్త్రీలు కొత్తవాడి చేత మొదటి నెలలు ఇసుక జల్లించి, సిమెంటు మాలు కలిపించేవారు. కోటయ్య ఆ పనులతోపాటు వాడి చేతికి రసమట్టం ఇచ్చేవాడు. చెక్కలో గాజు గొట్టం, గొట్టంలో ద్రవం, అందులో ఒక బుడగ. బుడగ నడిమధ్యకు వస్తే కట్టింది మట్టంగా ఉన్నట్టు.

సాయంత్రం పని దిగే ముందు ఆ కొత్తవాడు, ఇంకా తాపీ పట్టని వాడు, పెద్ద పనివాళ్లు కట్టిన వరసలన్నీ రసమట్టంతో చూసి, తేడా ఉన్నచోట సుద్దముక్కతో గుర్తు పెట్టాలి. ఆ గుర్తున్న ఇటుక మర్నాడు ఊడదీయాల్సిందే. నెరిసిన మీసాల పనివాళ్లు మీసాలు రాని కుర్రాడి సుద్దముక్క వైపు భయంగా చూడటం నేను ఆ సైటులోనే చూశాను.

"ముందు ఒకడి తప్పు పట్టడం వస్తే, తర్వాత తను తప్పు చేయడానికి సిగ్గేసిద్ది సారూ," అనేవాడు కోటయ్య.

మంచి పద్ధతే. ఇందులో ఉన్న ప్రమాదం మాకు ఏడుకొండలు వచ్చాక తెలిసింది.

ఏడుకొండలు పర్చూరు వైపు పల్లె నుంచి వచ్చాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. రసమట్టం చేతికొచ్చిన వారానికే దాన్ని ఇంటికి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. బస్సులో సీటు మీద పెట్టి చూసేవాడు. వాళ్ల అక్క పెళ్లిలో పెళ్లిపీటల మీద పెట్టి చూస్తే, పురోహితుడు అదేదో కొత్త తంతు అనుకుని కాసేపు ఆగాడట. సైటు పక్కన టీ కొట్టు బల్ల మీద నా ఎదుటే పెట్టాడు.

"బాబాయ్, నీ బల్ల అటు వాలిందే."

"టీ ఇటు వచ్చిందిగా, తాగు," అన్నాడు టీ కొట్టు బాబాయ్.

సైటులో వాడి పేరే రసమట్టం అయిపోయింది. "ఒరేయ్ రసమట్టం, ఇసుక తేరా." వాడు ఆ పేరుకు సంతోషంగా పలికేవాడు.

నాగేశ్వరరావు షరతు

వాడి తండ్రి నాగేశ్వరరావుకు మిరప, పత్తి సేద్యం. కొడుకు సిమెంటు పూసుకుని ఇంటికి రావడం ఆయనకు మొదటినుంచీ నచ్చలేదు. ఒకసారి సైటుకే వచ్చి, కొడుకు వినేలా నాతో అన్నాడు.

"ఒక్కడే కొడుకండీ. నల్లరేగడి పొలం పెట్టుకుని ఎవరికో గోడలు కట్టటమేంది? అయినా వాడి సరదా కాదనను. ఈ పంటకి మా చేలో సిమెంటు కల్లం వేస్తానంటున్నాడు. వెయ్యనివ్వండి. దాని మీద నా కాయలు ఎండి గుంటూరు యార్డుకు పోయినాయా, వాడు తాపీ పట్టుకుంటాడు. పోలేదా, గొర్రు పట్టుకుంటాడు."

"నాయనా, సారు ముందు ఎందుకు?" అన్నాడు ఏడుకొండలు.

"రేపు మాట మారిస్తే సాక్షి ఉండొద్దూ? నీకా, నాకా అనేది తర్వాత."

అప్పటికి మా వైపు కాయలు ఎక్కువగా మట్టి కల్లాల మీదే ఎండేవి. చేలోనే ఒకచోట నేల చదును చేసి, పేడతో అలికి, దాని మీద కాయలు పోసేవారు. మట్టి అంటుకుంటుంది, రాళ్లు కలుస్తాయి. యార్డులో వ్యాపారి గుప్పెడు కాయలు తీసి ఊదినప్పుడు దుమ్ము లేచిందంటే ధర తెగినట్టే. సిమెంటు కల్లం ఆ రోజుల్లో కొత్త మోజు. ఉన్నవాడు దాన్ని మంచె మీంచి చూసి మురిసేవాడు, లేనివాడు గట్టు మీంచి చూసి విమర్శించేవాడు.

మేనత్త ఇంట్లో శుభకార్యం

తర్వాతి సంగతులు నాకు నాగేశ్వరరావూ, ఆయన భార్య ఆదెమ్మా, పక్క చేను సుబ్బారావూ చెప్పినవి. ముగ్గురూ ఒకే విషయాన్ని మూడు రకాలుగా చెప్పారు. అందరి మాటల్లో కలిసినంతవరకే రాస్తున్నాను.

ఏడుకొండలు కోటయ్య దగ్గర సెలవు అడిగాడు. కనిగిరిలో మేనత్త ఇంట్లో శుభకార్యం అన్నాడు. మేస్త్రికి నిజం చెబితే సాయం వస్తానంటాడు, మేస్త్రి వస్తే కల్లం మేస్త్రి కట్టినట్టవుతుంది. అది వాడి భయం. తోటి అప్రెంటిస్‌లు ఇద్దరిని మాత్రం వెంటబెట్టుకుపోయాడు.

పని చాలా శ్రద్ధగా చేశారు. రేగడి నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు పగుళ్లిస్తుంది కాబట్టి పైమట్టి తీసేసి, చీమకుర్తి క్వారీ రాళ్ల ముక్కలు పోసి దిమ్మిస కొట్టారు. దాని మీద కాంక్రీటు వేశారు. అడుగడుక్కీ రసమట్టం పెట్టారు. కాయలు జారి చేలో పడకుండా చుట్టూ జానెడు ఎత్తున ఇటుకల గట్టు కట్టి, నున్నగా సిమెంటు పూత పూశారు. రెండు పూటలా నీళ్లు పట్టారు.

నాగేశ్వరరావు కల్లం చూడటానికి వస్తూ నిమ్మకాయ తెచ్చాడు. సుబ్బారావు ఇంట్లో గచ్చు వేసినప్పుడు ఎవరో నిమ్మకాయ పెడితే అది దొర్లుకుంటూ మంచం కిందకు పోయిందట. ఆ సంగతి ఊరంతా చాలాకాలం చెప్పుకుంది. ఇప్పుడు సుబ్బారావు ఎదుటే నాగేశ్వరరావు కల్లం మధ్యలో నిమ్మకాయ పెట్టాడు. అది కదల్లేదు. ఒక మూలకు తీసుకుపోయి పెట్టాడు. అక్కడా కదల్లేదు.

"ఏం సుబ్బారావు?"

"నీ కొడుకు గట్టోడే," అని ఒప్పుకున్నాడు సుబ్బారావు.

కొడుకు గురించి నాగేశ్వరరావు నోట మొదటిసారి మంచి మాట వచ్చింది ఆ సాయంత్రమే అని ఆదెమ్మ చెప్పింది. "పర్లేదే, మనోడికి చెయ్యి కుదిరింది" అన్నాడట. అన్నం తింటూ రెండోసారి కూడా అన్నాడట.

వాన

కోసిన కాయలు కల్లం మీద పోశారు. ఎర్రగా, సమంగా, తివాచీలా పరుచుకున్నాయి. సగం ఎండాయో లేదో, ఒక మధ్యాహ్నం, కాలం కాని కాలంలో మబ్బు పట్టింది.

చుట్టుపక్కల చేలల్లో అందరూ పరుగులు పెట్టారు. నాగేశ్వరరావు పరుగెత్తలేదు. తనూ, భార్యా, కొడుకూ కాయలు కల్లం మధ్యకు కుప్ప చేశారు, పైన టార్పాలిన్ పట్టాలు కప్పారు, అంచుల మీద రాళ్లు పెట్టారు. తర్వాత మంచె కింద నిలబడ్డారు. అటు సుబ్బారావు మట్టి కల్లం దగ్గర తడుస్తూ గాభరాపడుతుంటే నాగేశ్వరరావు కేకేశాడు.

"తొందరపడబాక సుబ్బారావు! వచ్చే ఏడు నువ్వూ సిమెంటుది వేయించుకో. మావాడిని పంపుతా."

వాన జోరందుకుంది. మట్టి కల్లానికి నేల వాలు ఎటుంటే అటు నీళ్లు పోతాయి. దాన్ని ఎవరూ ఆలోచించి పెట్టరు, పొలమే పెడుతుంది. ఏడుకొండలు కల్లానికి వాలు లేదు. రసమట్టం ఒప్పుకోలేదు. పోనీ పొంగి పక్కకు పోదామంటే చుట్టూ జానెడు గట్టు. పైన పడ్డ చినుకు పడ్డచోటే ఉండిపోయింది. పట్టాల మీంచి జారిన నీళ్లు కూడా వచ్చి కలిశాయి. పైనుంచి కాయల కుప్పకు పట్టా ఉంది, కిందనుంచి ఏమీ లేదు.

మొదట చూసింది ఆదెమ్మ. పట్టా అంచు కింద నుంచి కాయలు ఒక్కొక్కటే తేలుకుంటూ బయటికి వస్తున్నాయి.

"ఒరేయ్, కాయలు ఈదుతున్నాయిరా!"

పొలం గట్టు అవతల నుంచి సుబ్బారావు అరిచాడు. అప్పటికి సింగరాయకొండ వైపు సముద్రం పక్క పొలాలన్నీ రొయ్యల చెరువులవుతున్నాయి. "నాగేశ్వరరావా, ఇంకేం, రొయ్య పిల్లల్ని వదలండి!" అన్నాడు. ఆ మాట అని, చేతిలో పని వదిలేసి, ముందు పరుగెత్తుకొచ్చిందీ ఆయనే.

ఏడుకొండలు గమేళాతో నీళ్లు తోడబోయాడు. తోడిన దానికంటే పడేది ఎక్కువ. నీళ్లు పాదాలు ముంచేశాయట. తర్వాత సుత్తి తీసుకుని తను కట్టిన గట్టు మీద కొట్టడం మొదలుపెట్టాడు. అది పగల్లేదు. రెండు పూటలా నీళ్లు పట్టి పెంచిన గట్టు అది. నాగేశ్వరరావు గడ్డపలుగు తెచ్చాడు. ఒకవైపు తండ్రి, ఒకవైపు కొడుకు కొట్టారు. చివరికి ఇటుక పగిలి నీళ్లు చేలోకి దూకాయి, వాటితోపాటు కొన్ని కాయలూ పోయాయి.

నేను మర్నాడు వెళ్లాను. కుప్పలో పైకాయలు బతికాయి. కిందవి పట్టాల మీద, గోనెల మీద, ఆదెమ్మ పాత చీరల మీద పరిచి ఉన్నాయి. రంగు దిగి, పాలిపోయి తాలుకాయల్లా కనబడుతున్నాయి. ఏడుకొండలు పగిలిన గట్టు మీద కూర్చున్నాడు. పక్కనే రసమట్టం ఉంది. బుడగ నడిమధ్యలోనే ఉంది.

"అమ్మ ఏమందో తెలుసా సార్," అన్నాడు నన్ను చూసి. "కదలొద్దని చెప్పి ఉంటావు, నీళ్లు నీ మాట విన్నాయిరా అంది."

నవ్వబోయి ఆపుకున్నాను. వాడే ముందు నవ్వాడు, తర్వాత మొహం అటు తిప్పుకున్నాడు.

"గొర్రు పట్టుకోవాల్సిందే కదా సార్."

సాక్షిని నేనే.

మిగతా సగం

ఆ వారంలోనే నాగేశ్వరరావు కొడుకును వెంటబెట్టుకుని కోటయ్య సైటుకు వచ్చాడు. నేనూ వెళ్లాను. సంచీ సర్దుకోవడానికి వచ్చారనే అనుకున్నాను. కోటయ్యకు కబురు ముందే చేరింది. చుట్ట చెవి నుంచి నోట్లోకి మార్చుకుని కుర్రాణ్ణి పైనుంచి కిందకు చూశాడు.

"ఏరా, కనిగిరిలో మేనత్త బాగుందా?"

ఏడుకొండలు సంచీ ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"అక్కడ వానలు బాగా పడ్డాయంటగా?"

పనివాళ్లంతా పని ఆపి వింటున్నారు. వాడు పెట్టిన సుద్ద గుర్తులకు ఇటుకలు ఊడదీసినవాళ్లు మరింత శ్రద్ధగా వింటున్నారు.

"సరే మేస్త్రీ," అన్నాడు నాగేశ్వరరావు. "వాడిని తర్వాత తిడుదువుగాని. నా సంగతి చెప్పు. సంవత్సరం నుంచి నీ దగ్గరుంటే, నీళ్లు ఎటు పోవాలో వాడికి చెప్పలేదేం?"

"నీళ్లకి వాటం పెట్టడం రెండో ఏడు చెబుదామనుకున్నానయ్యా. మట్టం తెలియనోడికి వాటం చెబితే, వంకరగా కట్టి వాటం అంటాడు. అట్టాంటోళ్లను ఎంతమందిని చూశా!"

నాగేశ్వరరావు సంచీతో నిలబడ్డ కొడుకు వైపు తిరిగాడు.

"అయితే ఇప్పుడు వీడు సగం మేస్త్రి."

"సగం కంటే కాస్త తక్కువే."

"ఈ సగంతో చేలోకి తెస్తే కాలవలు కూడా మట్టంగా తవ్వుతాడు. నా మిరప తోట నిలువునా చచ్చిపోద్ది. నాకొద్దు." కొడుకు చేతిలో సంచీ లాక్కుని ఇసుక కుప్ప పక్కన పెట్టాడు. "మిగతా సగం కూడా నేర్పించి పంపు. వచ్చే పంట దాకా చూస్తా. ఒరేయ్, సారు సాక్షి."

పనివాళ్లలో ఎవరో "ఒరేయ్ రసమట్టం, ఇసుక తేరా" అన్నారు. వాడు పరుగెత్తాడు.

ఈ కథలో నీతి ఉందని చెప్పను. పనిలోకి వచ్చే పిల్లలకు ఒక్క సంగతి మాత్రం చెబుతాను. ఏమీ రానివాడు భయపడుతూ చేస్తాడు, అడుగుతాడు. అంతా వచ్చినవాడు కూడా భయపడుతూనే చేస్తాడు, అడుగుతాడు. సగం వచ్చినవాడే మేనత్త పేరు చెప్పి సెలవు పెడతాడు. మీరూ పెడతారు. అందుకని మీ మొదటి పని వీలైతే మీ ఇంటికే చేసుకోండి. తిట్లు బయటకు పోవు, సుత్తి కూడా ఇంట్లోనే ఉంటుంది.

చెంబు

ఎండలు ముదిరాక, చేలు ఖాళీ అయ్యాక, కోటయ్య ఆ కల్లం దగ్గరకు వచ్చాడు. తను తాపీ పట్టనన్నాడు. ఏడుకొండలు దగ్గర రసమట్టం తీసుకుని మంచె మీద పెట్టి, బదులుగా ఒక చెంబు ఇచ్చాడు.

"ఎక్కడ పోస్తే ఎటు పోవాలో ముందు నాకు చెప్పు. తర్వాత మాలు కలుపు."

పాత గచ్చు నున్నగా ఉంటే కొత్తది పట్టదు కాబట్టి, తను అంత నున్నగా చేసిన దాన్ని ఉలితో గాట్లు పెట్టి గరుకు చేయాల్సి వచ్చింది. మధ్యలో కాస్త ఎత్తు తీసుకుని, రెండు పక్కలకూ వాటం ఇస్తూ పైన మరో పొర వేశాడు. గట్టుకు రెండు వైపులా తూములు వదిలి, కాయలు పోకుండా జాలీ పెట్టాడు. ప్రతి వరసకూ చెంబుడు నీళ్లు పోసి చూసుకున్నాడు. మాలు మోసింది నాగేశ్వరరావే. "నాయనా, మాలు!" అని కొడుకు కేకేస్తే గమేళా నెత్తిన పెట్టుకుని పరుగెత్తుతున్న ఆయన్ని చూడటానికి సుబ్బారావు పొలం గట్టు మీద ప్రత్యేకంగా కూర్చునేవాడు.

"గబగబా నడువు నాగేశ్వరరావా, మేస్త్రి తిడతాడు!"

తర్వాతి పంటకు కాయలు పోసే రోజున నన్ను పిలిచారు. కోటయ్య కూడా వచ్చాడు. కాయల బస్తాలు కల్లం అంచున వరసగా ఉన్నాయి. ఎవరూ వాటి మూతి విప్పడం లేదు. నాగేశ్వరరావు జేబులోంచి నిమ్మకాయ తీశాడు. కల్లం నడిమధ్యకు నడిచి, వంగి, జాగ్రత్తగా కింద పెట్టి చెయ్యి తీశాడు.

నిమ్మకాయ కాసేపు కదల్లేదు. తర్వాత అది మెల్లగా ఒకవైపు ఒరిగి, దొర్లడం మొదలుపెట్టి, దొర్లుతూ దొర్లుతూ పోయి తూము జాలీకి తగిలి ఆగింది.

సుబ్బారావు నోరు తెరవబోయాడు. నాగేశ్వరరావు ఆయన వైపు చూడలేదు. జాలీ దగ్గరకు వెళ్లి నిమ్మకాయ తీసి, ఆదెమ్మకు ఇచ్చాడు.

"మేస్త్రులిద్దరికీ మజ్జిగలో పిండు," అన్నాడు. "మీరేందిరా చూస్తున్నారు? కాయలు పొయ్యండి."